గాలి తిరిగిన పొద్దున

ఒహాయో కొండల్లో నవంబరు వచ్చిందంటే మగజింకలకు ఒళ్లు తెలియదు. ఆడజింక కోసం కొమ్ములు విరిగేదాకా కుమ్ముకుంటాయి. మాలో విల్లు పట్టినవాళ్లు ఏడాదంతా ఆ రోజుల కోసమే బతుకుతారు. అందరూ చెట్టెక్కి మంచె మీద కూర్చుంటారు, నేను మాత్రం నేల మీదే. ఎత్తు ఎక్కితే నాకు కళ్లు తిరుగుతాయి. ఈ సంగతి మా అక్క కొరీన్ మొగుడు లైల్‌కి తెలిసిన రోజు నుంచీ నాకు మనశ్శాంతి లేదు.

ఆ రోజు తెల్లారుతుండగా బండి దిగుతూనే మొదలుపెట్టాడు.

"చాప తెచ్చుకున్నావా నెట్టీ? జింకలొస్తే కూర్చోబెట్టి కాఫీ పోద్దువుగాని."

"నువ్వు చెట్టు మీంచి పడితే నీకూ పోస్తాలే బావా."

"సరేలే. నువ్వు వాగు పక్కన, నేను గట్టు మీద. అక్కణ్ణుంచి కదలకు."

"కదలను."

కదిలాను. నేల మీద వేటాడేవాళ్లకు గాలే దేవుడు. అది ముఖానికి ఎదురుగా కొట్టినంతసేపే జింకకు మన వాసన అందదు. ఎండ పడగానే గాలి తిరిగింది. చెట్టెక్కినవాడైతే తిట్టుకుంటూ కూర్చోవాలి, నేను హాయిగా చోటు మార్చుకోవచ్చు. ఆ గొప్పతోనే గట్టు దిగువకు వచ్చి, పడిపోయిన ఓక్ మాను వెనక చేరాను. కాళ్ల కింద ఎండుటాకులు చప్పుడు కాకుండా పక్కకు తోశాను. లైల్‌కి చెప్పాలన్న ఆలోచనే రాలేదు. వేటలో ఫోను తీయడం మా ఇళ్లలో తప్పు కింద లెక్క.

సంచిలోంచి పాత కొమ్ముల జత తీసి ఒకదానికొకటి గట్టిగా కొట్టాను. రెండు మగజింకలు కుమ్ముకుంటున్నట్టే ఉంటుంది ఆ చప్పుడు. అది విన్న మూడోది ఆగదు, వచ్చి తీరుతుంది. తర్వాత కొమ్ములను మాను మీద ఆనించి విల్లు అందుకున్నాను.

కాసేపటికి పొదల వెనక ఆకుల చప్పుడైంది. ఒక అడుగు పడి ఆగింది. మళ్లీ రెండు అడుగులు. కొమ్మల సందున గోధుమరంగు మచ్చ ఒకటి కదిలింది. నారి చెంప దాకా లాగి గురి నిలిపాను. ఇక వేలు వదలడమే మిగిలింది.

అప్పుడు గాలి ఒక వాసన మోసుకొచ్చింది. నొప్పుల తైలం లాంటి ఘాటు. అలాంటి వాసన కలిపిన నమిలే పొగాకు. అక్క ఎంత మొత్తుకున్నా లైల్ దవడలో ఎప్పుడూ ఉండేది అదే.

కళ్లు చికిలించి చూస్తే ఆ మచ్చ పైన రంగు పూసుకున్న ముఖం, దాని ముందు బాణం మొన కనిపించాయి. మొన నా వైపే ఉంది. మాను పైన నేను ఆనించిన కొమ్ములు, వాటి వెనక ఆకులరంగు బట్టల్లో నేను. అతని కంటికి అక్కడ ఉన్నది జింకే. నేను వాగు దగ్గర ఉన్నానని అతని ధీమా.

చెయ్యి ఊపితే బాణం వదిలేస్తాడు. విల్లు దించినా కదలికే. నోరు తెరిచి పిలవాలి, అంతే. కానీ చిన్నప్పటి నుంచీ అడవిలో దగ్గు కూడా మింగిన గొంతు అది, పెగల్లేదు. నారి వేళ్లలోంచి జారిపోతుందేమోనని ఇంకో భయం. చచ్చిపోతానన్న భయం కంటే చంపేస్తానన్న భయమే ఎక్కువైంది.

"బావా," అన్నాను. పిల్లి కూతలా వచ్చింది. "బావా, నేనే. నెట్టీని."

మొన మెల్లగా నేలకు దిగింది. నేనూ విల్లు పక్కకు తిప్పి నారి వదులు చేశాను. లైల్ పొద దాటి వచ్చి మాను ముందు కూలబడ్డాడు.

"వాగు దగ్గరుంటానన్నావు కదే."

"గాలి తిరిగింది."

"కొమ్ముల చప్పుడు విని చెట్టు దిగా. ఇంకొక్క అడుగేసి వదులుదామనుకున్నా నెట్టీ. మీ అక్కకి ఏం చెప్పేవాణ్ణి?"

"నేనూ నీ గుండె మీదే గురి పెట్టా బావా. పొగాకు వాసన రాకపోతే అక్కకి నేను చెప్పాల్సొచ్చేది."

అతను తలెత్తి నా చేతుల్లోని విల్లు వైపు చూశాడు.

బండి దాకా పక్కపక్కనే నడిచాం. అడవిలో గొంతెత్తడం ఎరగని మనిషి, దారంతా కేకలు పెట్టినట్టు మాట్లాడాడు. ట్రాక్టరు గురించి, చర్చిలో చేపల విందు గురించి. నేను మౌనంగా ఉంటే మోచేత్తో పొడిచాడు.

"నువ్వూ మాట్లాడు. ఆపకు. ఎవడైనా గురి పెట్టి ఉంటే మనుషులమని తెలియాలి."

వెనక ఆకుల్లో అడుగు చప్పుడైంది. ఆగింది. మళ్లీ అయింది. ఇద్దరం ఒకేసారి గొంతు పెంచాం. తిరిగి చూసే ధైర్యం మాత్రం ఇద్దరికీ లేకపోయింది.