గద్దల గొడుగు

చేప కడుపు చీల్చి, పేగులు గుప్పిట్లోకి తీసి, పైకి విసరబోయిన చెయ్యిని ఆమె గాల్లోనే ఆపేసింది. చేపల బజారు రేకుల కప్పు మీద పది పన్నెండు గద్దలు మెడలు సాచి చూస్తున్నాయి. ఆమె గుప్పిట్లోది బకెట్లో వేసి మూత బిగించింది.

పంతొమ్మిదేళ్లుగా విసిరిన చెయ్యి అది. పొలుసు గీకడం, మొప్పలు లాగడం, పిత్తం పగలకుండా పేగులు తీయడం, ముక్కలు కొట్టడం. పొద్దున్నుంచీ నడుము వంచి చేసే ఈ పనిలో ఆమె తల పైకెత్తేది ఆ ఒక్క క్షణమే. గద్ద గాల్లోనే మెలిక తిరిగి అందుకునేది. చేపలు కొనేవాళ్లు నోరు తెరుచుకుని చూసేవాళ్లు. ఆమెను ఎవరైనా మెచ్చుకోలుగా చూశారంటే అది అప్పుడే.

ఆ గద్దలే రెండు నెలలుగా ఆమె వెంట ఇంటిదాకా వస్తున్నాయి. ఆడపడుచు కోడి పదకొండు పిల్లల్ని చేసింది. ఇప్పుడు అయిదున్నాయి.

భర్త పోయి తొమ్మిదేళ్లు. అప్పటినుంచీ ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు, ఒకే వంటగదిలో రెండు పొయ్యిలు. ఇల్లు ఆడపడుచుది. తమ్ముడి గొడుగు కూడా ఆవిడే ఉంచుకుంది. బొత్తాం నొక్కితే ఫట్‌మని విచ్చుకునే నల్లగొడుగు. రోజంతా పెరట్లో కుర్చీ వేసుకుని, గద్ద దిగినప్పుడల్లా ఆవిడ బొత్తాం నొక్కేది. వీధిలో గొడుగమ్మ అని పేరు కూడా పడింది. మరదలు మాత్రం ఆ గొడుగును ముట్టుకోకూడదు. చేపల కంపు అంటుకుంటుందట.

ఈ పొద్దునే ఆరో పిల్ల పోయింది. వదిన వంటగది గుమ్మంలో నిలబడింది. గొంతు పెంచలేదు.

"వాటికి దారి చూపించింది నువ్వే. ఇంకొక్క పిల్ల పోయిందనుకో, నీ చెంబూ చాపా సర్దుకో."

"కోడి పొదిగిన పిల్లలకి నీకెందుకు వదినా పురిటినొప్పులు?"

నోరు జారాక గానీ ఆమెకు తెలియలేదు. వదినకు పిల్లల్లేరు.

"నాకు లేకే మీ ఆయన్ని పెంచాను. పెంచి నీ చేతిలో పెట్టాను. ఏమయ్యాడు?"

ఆమె కత్తి సంచి భుజానికి తగిలించుకుని వచ్చేసింది. ఆ ఇల్లు దాటితే ఆమెకు ఈ చేపలు కొట్టే మొద్దు తప్ప వేరే చోటు లేదు.

పది దాటేసరికి గద్దలకు కోపమొచ్చింది. ఒకటి త్రాసులో చేపను తన్నుకుపోయింది. ఇంకొకటి ఆమె చెవి మీద గీరిపోయింది. పక్క కొట్టు రొయ్యలామె నవ్వింది.

"అల్లుళ్లకి భోజనం పెట్టలేదేంటక్కా, అలిగారు."

"పెట్టినన్నాళ్లు పెట్టాను. ఇక చాలు."

కొంగుతో చెవి నెత్తురు అద్దుకుని ఇంకో చేప అందుకుంది. మధ్యాహ్నం పని కాగానే సబ్బుతో మూడుసార్లు చేతులు రుద్దుకుంది. బజార్లోనే చీర మార్చుకుని, ఎన్నడూ నడవని సందుల్లోంచి ఇంటిదారి పట్టింది. పైనుంచి చూసేదానికి సందైతేనేం, రోడ్డయితేనేం. ఒక గద్ద వెంట రానే వచ్చింది.

రోజూ వీధి మలుపులోనే గొడుగు చప్పుడు వినపడేది. ఇవాళ వినపడలేదు. పొద్దుటి అలక ఇంకా తీరలేదనుకుంది.

పెరట్లోకి వచ్చేసరికి గద్ద బట్టలు ఉతికే బండ మీద వాలి ఉంది. కుర్చీకి రెండు మూరల దూరం. కుర్చీ పక్కన కోడి ఈకలు నిక్కబొడుచుకుని నిలబడింది. వదిన గడ్డం గుండెకు ఆనించి, ముడిచిన గొడుగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఏం వదినా, గద్దకి కుర్చీ వేయడం మర్చిపోయావా?"

వదిన ఏ మాటా కింద పడనిచ్చే మనిషి కాదు. ఈ మాట పడింది. పడినచోటే ఉండిపోయింది.

ఆమె చెప్పు తీసి విసిరింది. గద్ద తాపీగా లేచి గోడ మీద వాలింది. ఆమె వదిన చెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్లు మంచులో చేపల్ని పట్టిన చేతికి ఆ చల్లదనం ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

తరవాత ఆమె చేసిన మొదటి పని పిల్లల్ని లెక్కపెట్టడం. కోడి కింద నాలుగు. వంగి చూసింది. వదిన పాదాల దగ్గర, చీర కుచ్చిళ్లలో అయిదోది ముడుచుకుని ఉంది.

"అయిదూ ఉన్నాయి వదినా," అంది.

పక్కింటివాళ్లను పిలవాలి. గద్ద ఇంకా గోడ మీదే ఉంది. వదిన వేళ్లు ఒక్కొక్కటే విడదీసి గొడుగు తీసుకుంది. పిడికి చుట్టిన గుడ్డ తన భర్త గళ్లచొక్కాది. ఆ సంగతి ఆమెకు ఇన్నేళ్లూ తెలియదు. బొత్తాం నొక్కింది. ఫట్‌మంది. గద్ద లేచి ఇళ్లు దాటి వెళ్లిపోయింది.

విచ్చుకున్న గొడుగును కుర్చీ పక్కన నేల మీద వాల్చి, ఎగిరిపోకుండా రాయి పెట్టి, ఆమె వీధి తలుపు తీసుకుని వెళ్లింది. కాసేపటికి కోడి పిల్లల్ని పిలుచుకుంటూ ఆ నీడలోకి చేరింది. వదిన బొటనవేలు రాసుకుని రాసుకుని నునుపెక్కిన ఆ బొత్తానికి ఒక చేప పొలుసు అంటుకుని ఎండకు మెరుస్తోంది.