కాస్త ఆలస్యంగా పడిన దెబ్బ

సింహం వచ్చేలోపు మామగారిని ఒప్పించాలి. లేకపోతే ఆదివారం ప్రదర్శనకు నీళ్ళొదులుకోవాల్సిందే.

కోడలు మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. కింద మూతపడిన ఫర్నిచర్ షోరూము, పైన రిహార్సల్ హాలు. చప్పుడు బయటికి పోకుండా గోడలకు పాత తివాచీలు, కోడిగుడ్ల అట్టలు. నేలంతా చిక్కుపడిన వైర్లు. హాలు సింహం పేరు మీద ఉంది. ఏళ్ళ తరబడి రాక్ బ్యాండు నడుపుతున్న గాయకుడతను. భుజాల మీద పడే జుట్టు చూసి ఎవరో పెట్టిన పేరది, జుట్టు నెరిసినా పేరు పోలేదు. అక్కడున్న డ్రమ్స్ మాత్రం మామగారివి.

ఆమె పగలంతా బస్టాండు మైకులో బస్సుల్ని పిలుస్తుంది. సాయంత్రం ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి ర్యాప్ పాటలు కడుతుంది. వాళ్ళు సాధన చేసుకునే గ్యారేజీని యజమాని అమ్మేశాడు. సింహాన్ని హాలు అడిగితే, "నా హాల్లో తిట్ల దండకం కుదరదమ్మా" అని మొహం మీదే చెప్పాడు. బతిమాలడం ఆమెకు చేతకాదు. తలుపు ధడాలున వేసి వచ్చేసింది. ఆ చప్పుడు అక్కడే డ్రమ్స్ దగ్గరున్న మామగారికి నచ్చినట్టుంది.

"అసలు ఆ హిప్ హాప్‌లో ఏముందో ముందు నాకు వినిపించు. నాకెక్కితే వాడి సంగతి నేను చూసుకుంటా" అన్నాడు. ఊరికే అన్నమాట కాదు. కొత్త సంగీతమంటే ఆయనకు చెవి దురద.

ఇప్పుడాయన డ్రమ్స్ వెనక స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె ఫోను పెద్ద స్పీకరుకు తగిలించి మొదటి పాట పెట్టింది. ఎంతో ఆలోచించి ఎంచిన పాట. గిటార్ల రొద, అరుపులు, వాటి మధ్య ర్యాప్. రాక్ వినేవాడికి ఇంతకంటే దగ్గరిది ఉండదని ఆమె ధీమా.

మామగారు సగంలోనే చెయ్యెత్తాడు.

"ఏమ్మాయ్, నాకేమైనా ఒంట్లో బాగాలేదా?"

"అదేంటి మామయ్యా?"

"మరి ఈ పథ్యం ఏంటి? గిటార్ వినాలంటే నాకు ఇంట్లో అల్మారా నిండా ఉంది. నువ్వు చెవుల్లో పెట్టుకుని, కూర మాడుతున్నా పట్టించుకోకుండా తలూపుతావే, అది పెట్టు."

ఆమెకు చురుక్కుమంది. తన సంగీతాన్ని తనే దాచి, పక్కింటి బట్టలు తొడిగి తీసుకొచ్చింది. సరే, కాచుకోండి అనుకుంది.

రెండో పాట పెట్టింది. గిటారు లేదు, పల్లవి లేదు. అడుగున బేస్, పైన డ్రమ్ము, మధ్యలో ఒక ఆడగొంతు. ఊపిరి ఎక్కడ తీసుకుంటోందో తెలియకుండా దూసుకుపోతోంది.

"ఇది నువ్వు బస్సుల్ని పిలిచినట్టే ఉంది" అన్నాడు మామగారు. "గిటారేది?"

"గిటారు ఉండాల్సిన చోట మాట ఉంది మామయ్యా. మీ గిటారిస్టు తీగల మీద కొట్టే ముక్కని ఈవిడ నాలుక మీద కొడుతోంది. అర్థం తర్వాత చూద్దాం, ముందు ఎక్కడ ఆగుతోందో వినండి."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి కుడిచేతి వేళ్ళు మోకాలి మీద ఆడాయి. తర్వాత ఎడమచెయ్యీ.

"దొంగది! డ్రమ్ముకి ముందు పడాల్సిన మాటని వెనక్కి లాగుతోంది. మళ్ళీ పెట్టు."

మళ్ళీ పెట్టింది. మూడోసారి ఆయనే పెట్టుకున్నాడు. సగం గెలిచేసినట్టే. అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ కోడలు ఊపులో ఉంది.

"ఇప్పుడు మాది వినండి. ఆదివారం దీంతోనే మొదలుపెడతాం."

పాట మొదలైంది. రెండు వరసల డ్రమ్ము, అదే తిరిగి తిరిగి వస్తోంది. ధన్, ఠప్. ధన్ ధన్... ఠప్. ఆ రెండో ఠప్ వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతుంది. మెట్టు ఉందనుకుని కాలేస్తే లేనట్టు, గుండె ఒక్కసారి జారి మళ్ళీ నిలబడుతుంది.

మామగారి వేళ్ళు ఆగిపోయాయి.

"ఇది ఎక్కడిది?"

"ఇంట్లో మీ అల్మారాలోదే. శుభ్రం చెయ్యమన్నారుగా, అట్టపెట్టెలో పేరు లేని టేపు దొరికింది. అందులోంచి ఈ ముక్క కత్తిరించి..."

"అది నేను."

ఆమె ఫోను వైపు, ఆయన చేతుల వైపు మార్చి మార్చి చూసింది.

"మా బ్యాండు మొదటి రికార్డింగు. డ్రమ్ము పుల్ల చేతిలోంచి జారింది. పట్టుకుని కొట్టేసరికి దెబ్బ లేటయింది. సింహం నన్ను స్టూలు మీంచి లేపేసి ఆ రికార్డుకి ఇంకొకణ్ణి పెట్టాడు. అప్పట్నుంచీ ప్రాక్టీసుకి నేను, రికార్డుకి వేరేవాడు. అందరూ నన్ను 'లేటూ' అని ఎందుకు పిలుస్తారనుకున్నావ్? నేనెప్పుడైనా లేటుగా వచ్చానా?" ఆయన స్టూలు వెనక్కి జరిపాడు. "మొత్తం టేపులో నీకు అదొక్కటే దొరికిందా అమ్మాయ్? నా సిగ్గుని పదేపదే తిప్పుతావా?"

"సిగ్గేంటి మామయ్యా! ఆ టేపంతా వెతికాను. ప్రాణమున్నది అదొక్కటే. మిగతాదంతా గడియారం."

ఆయన ఏదో అనబోయాడు. మెట్ల మీద బూట్ల చప్పుడు. సింహం.

తలుపు తోసుకుని లోపలికి వచ్చి, పాట విని, ఒక్క క్షణం చెవి రిక్కించి, పకపకా నవ్వాడు.

"ఒరేయ్ లేటూ! నీ కుంటి దెబ్బని నీ కోడలే ఊరంతా టముకు వేస్తోందిరా!"

మామగారు తల దించుకున్నాడు. సింహం నవ్వు ఆపి కోడలి వైపు తిరిగాడు.

"అది మా బ్యాండు టేపు. ఆ తప్పు బయటికెళ్తే మా పరువే పోతుంది. ఇప్పుడే చెరిపెయ్. చెరిపితే హాలు నీదే, ఆదివారం దాకా రోజూ వాడుకో. చెరపకపోతే ఈ మెట్లెక్కకు."

హాలు. వారమంతా. ఆమె అడిగినదానికంటే ఎక్కువ. స్నేహితురాళ్ళిద్దరూ ఫోను దగ్గరే కూర్చుని ఉంటారు, ఈ ఒక్క కబురు కోసం. కొత్త డ్రమ్ము వరస కట్టడం పెద్ద పనేం కాదు.

"ఆ చేతులు మామయ్యవి" అంది. "ఆయన చెరపమంటే ఈ క్షణమే చెరిపేస్తా, మారుమాట్లాడను. మీరు చెబితే మాత్రం చెరపను బాబాయ్. మీ హాలు మీ దగ్గరే ఉంచుకోండి."

"పొగరు!"

"అవును."

ఇద్దరూ మామగారి వైపు చూశారు. ఆయన లేచి స్పీకరు దగ్గరికి వెళ్ళి పాట మొదటికి తిప్పాడు. ధన్, ఠప్. ధన్ ధన్... ఠప్. ఈసారి తల దించుకోలేదు. విన్నాడు. ఇంకెవరిదో విన్నట్టు, కొత్త పాట విన్నట్టు.

పాట ఆపి డ్రమ్స్ వెనక కూర్చున్నాడు. పుల్లలు తీసుకుని అదే వరస కొట్టాడు. రాలేదు. దెబ్బ సరిగ్గా వేళకు పడింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ వేళకే పడింది. ఇన్నేళ్ళూ ఎప్పుడూ లేటు కాకూడదని చేతుల్ని అరగదీసుకున్న మనిషి. ఇప్పుడు కావాలని లేటు చేద్దామన్నా చేతులు వినడం లేదు.

"చూశావా?" అన్నాడు సింహం. "అది తప్పురా, విద్య కాదు."

కోడలు మైకు అందుకుంది. లెక్కపెట్టలేదు, సైగ చెయ్యలేదు. తన పాట ఎత్తుకుంది. మొదటి మాటని డ్రమ్ముకు ముందు పడనివ్వకుండా, ఇందాకటి ఆడగొంతులాగే, వెనక్కి లాగి పట్టుకుంది. మామగారి చూపు ఆమె పెదాల మీద నిలిచింది. ఆమె ఊపిరి తీసుకుంది. ఆయన చెయ్యి గాల్లో ఆగింది.

ధన్ ధన్... ఠప్.

"వచ్చింది!" అని అరిచాడాయన. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ వచ్చింది. పిల్లాడిలా నవ్వుతూ ఇంకా గట్టిగా కొట్టాడు.

సింహం విసురుగా వెళ్ళి మెయిన్ స్విచ్ దించేశాడు. స్పీకర్లు చచ్చాయి, లైట్లు పోయాయి. డ్రమ్ముకి కరెంటుతో పనేముంది? బస్టాండులో రోజుకోసారి మైకు పోతుంటే అరిచి బస్సుల్ని పిలిచే గొంతుకి మాత్రం పనేముంది? కిటికీలోంచి పడుతున్న సాయంకాలపు వెలుగులో ఇద్దరూ పాట చివరి మాట దాకా ఆగలేదు.

మామగారు నుదురు తుడుచుకుని డ్రమ్స్ పైనున్న పెద్ద కంచు తాళం మర విప్పడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నావ్‌రా?" అన్నాడు సింహం.

"హాలు నీది. డ్రమ్స్ నావి. అమ్మాయ్, ఆ స్టాండు పట్టుకో."

"రేపు మన ప్రాక్టీసు ఉంది!"

"గడియారాన్ని పెట్టుకో. వేళకు కొడుతుంది."

ఆయన ఫోను తీసి, టైర్ల షాపు నడుపుతున్న కొడుక్కి కలిపాడు. "షట్టరు దించకు. టైర్లు గోడలకి ఆనించి పైదాకా పేర్చు, చప్పుడు బయటికి పోదు... కస్టమర్లకేం, కూర్చుని వింటారు. నీ పెళ్ళాం ఆదివారం దాకా అక్కడే పాడుతుంది. డ్రమ్మరు ఎవరా? మీ నాన్న."

ఒక్కో డ్రమ్మూ మోసుకుంటూ ఇద్దరూ మెట్లు దిగారు. పైనుంచి సింహం, "ఒరేయ్... ఒరేయ్!" అంటూనే ఉన్నాడు. పేరు పెట్టి పిలవాలో, లేటూ అనాలో తేల్చుకోలేక అక్కడే ఆగిపోయినట్టున్నాడు. మామగారు వెనక్కి తిరిగి చూడలేదు.

కింద ఆపి ఉన్న టైర్ల షాపు వ్యాను వెనక డ్రమ్స్ సర్దారు. మామగారు స్టీరింగు ముందు కూర్చున్నాడు, కోడలు ఒళ్ళో కంచు తాళాలు పెట్టుకుంది.

"ఇందాకటి ఆవిడ ఇంకా ఏం పాడింది?"

"చాలా ఉన్నాయి మామయ్యా. కొన్ని మీకు నచ్చవు."

"నచ్చనివే ముందు పెట్టు."

పెట్టింది. సిగ్నల్ దగ్గర వ్యాను ఆగింది. పక్క కారులోని పెద్దమనిషి మొహం చిట్లించి, సౌండు తగ్గించమని చేత్తో సైగ చేశాడు. మామగారు ఆయనకేసి మర్యాదగా తలూపి, అద్దం పూర్తిగా దించి, సౌండు పెంచాడు.