ఖాళీ కుర్చీకి కప్పిన శాలువా

పటమట కరిముల్లా గొంతు సంగతి ముందుగా చెప్పుకోవాలి. తరవాత జరిగిందంతా ఆ గొంతు తెచ్చిన తంటానే.

మైలవరం సంతలో తప్పిపోయిన గేదెను కరిముల్లా మైకులో పిలిస్తే, నలుగురిలో పేరెత్తినందుకు సిగ్గుపడుతూ అది మైకు సెట్టు ముందుకొచ్చి నిలబడిందని చెప్పుకుంటారు. గేదె మాట ఎలా ఉన్నా, మనుషులు మాత్రం వచ్చేవాళ్లు. ఆటోకి మైకు కట్టుకుని అతను ఒక్క వీధి తిరిగితే చాలు, చీర కొనే ఉద్దేశమే లేని ఆడవాళ్లు కూడా ఎగ్జిబిషన్ దారి పట్టేవారు. ఇక సభల్లో అయితే చెప్పక్కర్లేదు. “వేదికను అలంకరించవలసిందిగా సాదరంగా ఆహ్వానిస్తున్నాం” అని కరిముల్లా అన్నాడంటే, పిలిపించుకున్నవాడు మోకాళ్ల నొప్పులు మరిచిపోయి మెట్లెక్కాల్సిందే. కరిముల్లా, భార్య జమీలా, ఇంటర్ చదివే కూతురు అఫ్సా, ముగ్గురూ ఆ గొంతు మీదే బతుకుతున్నారు.

తొంభై తొమ్మిది మే నెలలో, బెజవాడ రోడ్ల మీద తారు పాకంలా జారుతున్న రోజుల్లో, పటమటలో ఒక కల్యాణ మండపంలో సైన్స్ ఫిక్షన్ అభిమానుల మహాసభ పెట్టారు. పెట్టినవాడు దేవేంద్ర. అద్దె పుస్తకాల షాపు నడుపుతాడు. షాపుకొచ్చేవాళ్లలో రాకెట్ల కథలూ, గ్రహాంతరవాసుల కథలూ తెగ చదివేవాళ్లను పోగేసి, ఏలూరు నుంచీ గుడివాడ నుంచీ కూడా జనాన్ని రప్పించాడు. పొద్దున్నంతా ఒకటే సందడి. వసారాలో ఆటోనగర్ కుర్రాళ్లు లేతు మిషను మీద చెక్కిన ఇత్తడి రాకెట్లు వరసగా పెట్టారు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లకి తిక్క పుడుతుందా లేదా అని ఒక చర్చ జరిగింది. అంగారకుడి మీద వరి పండుతుందా అని ఇంకో చర్చ పెడితే, వెనక వరసలోంచి ఒక రైతు లేచి, “అన్నీ బాగానే ఉన్నాయి గానీ, నీళ్లు ఏ కాలవ నుంచి వదుల్తారండీ?” అని అడిగాడు. వేదిక మీదివాళ్లు గబగబా తరవాతి అంశానికి వెళ్లిపోయారు. వేషాల పోటీలో, ఒళ్లంతా వెండిరేకు చుట్టుకొచ్చిన సైన్సు టీచరు మాణిక్యమ్మకు మొదటి బహుమతి వచ్చింది. క్విజ్‌లో అఫ్సా గెలిచింది. వ్యాఖ్యానం అంతా కరిముల్లాదే.

భోజనాలయ్యాక అసలు సభ. విషయం, ‘ఆకాశంలో ఇంకెవరైనా ఉన్నారా?’ వేదిక మీద నడిమి కుర్చీ ఖాళీగా ఉంది. ముఖ్య అతిథిగా రావలసిన పెద్దమనిషి జాడ లేదు.

“ఆయనెక్కిన బండి తెనాలి కూడా దాటలేదంటండీ,” అన్నాడు దేవేంద్ర, చేతిరుమాలు పిండుకుంటూ. “ముఖ్య అతిథి లేకుండా సభంటే, పెళ్లికొడుకు లేకుండా తలంబ్రాలు పోసినట్టుంటుంది.”

సభాధ్యక్షుడు సత్యంగారు పకపకా నవ్వారు. పెడనలో చేనేత బట్టల వ్యాపారం ఆయనది. ఆ రోజు కప్పే శాలువాలన్నీ ఆయన ఇచ్చినవే.

“ఓరి దేవేంద్రా, అవతలి గ్రహాలవాళ్లు ఉన్నారా లేరా అని పొద్దుట్నుంచీ కొట్టుకు చస్తున్నాం గదా. వాళ్లల్లో ఒకణ్ణే పిలిస్తే పోలా? రైలు కోసం చూసే బాధ కూడా ఉండదు. కరిముల్లా గారూ, కానివ్వండి. పిలిచి పీటెయ్యడంలో మీ తరవాతే ఎవరైనా.”

“నవ్వులాటకి పిలవమంటారా?”

“నవ్వులాటకే. జనానికి కాస్త హుషారొస్తుంది.”

“నవ్వులాటకైనా సరే, నాకు సగం పిలుపు చేతకాదండి. పిలిస్తే నిండుగానే పిలుస్తా,” అన్నాడు కరిముల్లా.

అలాగే పిలిచాడు. మైకు దగ్గరకు వెళ్లి, ఒకసారి గొంతు సవరించుకుని అందుకున్నాడు. “కోటానుకోట్ల మైళ్ల దూరం నుంచి, చుక్కల ఆవలి సీమ నుంచి, మన మీద అభిమానంతో విచ్చేస్తున్న మహనీయులు, నేటి మన ముఖ్య అతిథిగారిని వేదికను అలంకరించవలసిందిగా సాదరంగా, సవినయంగా ఆహ్వానిస్తున్నాం. రండి! దయచేయండి!”

చప్పట్లు మోగాయి. మోగుతూ మోగుతూ ఉండగా కరెంటు పోయింది. ఫ్యాన్లు మెల్లగా తిరిగి తిరిగి ఆగిపోయాయి. మండపంలో ఉక్క గుప్పుమంది.

సత్యంగారు హాస్యాన్ని చివరిదాకా నడపాలనుకున్నారు. లేచి, జరీ అంచు శాలువా విప్పి, ఖాళీ కుర్చీ వీపుకు కప్పారు. వీపుకు వేసిన శాలువా కింద పడాలి, లేకపోతే బట్టలా వేలాడాలి. అది ఆ రెండూ చెయ్యలేదు. రెండు భుజాల మీద ఆనినట్టు గుండ్రంగా నిలిచింది. ఒక భుజం కొంచెం కిందికి ఉంది. మెడ ఉండాల్సిన చోట వెనక గోడకున్న సున్నం కనిపిస్తోంది.

“భలే పెట్టార్రా కర్రలు!” అన్నాడెవడో. జనం గొల్లుమన్నారు. సత్యంగారు కూడా నవ్వుతూ పక్క కుర్చీలో కూర్చున్నారు. ఆ నవ్వు అలాగే ఉండిపోయింది. నోరు మూత పడలేదు.

కరిముల్లా అది చూశాడు. చూసీ, అలవాటు పడిన నాలుక ఊరుకోదు కదా, తరవాతి మాట అనేసింది. “ఇప్పుడు ముఖ్య అతిథిగారు తమ అమూల్య సందేశాన్ని వినిపిస్తారు.”

“సభకు నమస్కారం,” అన్నాయి లౌడు స్పీకర్లు.

ఆ గొంతు కరిముల్లాది. కరిముల్లా నోరు మాత్రం మూసే ఉంది.

కరెంటు లేదు. మైకు సెట్టు మీద ఎర్రలైటు ఆరిపోయి ఉంది. జనరేటరింకా వెయ్యలేదు. అయినా గొంతు మండపం నాలుగు మూలలకూ నిండుగా అందుతోంది.

“చాలా కాలంగా వింటున్నాం. దూరంగా ఎవరెవరో, ఎవరైనా ఉన్నారా, ఎవరైనా ఉన్నారా అని అడుగుతూనే ఉంటారు. రండి, దయచేయండి అన్నది మీరొక్కరే. ఇంత మర్యాదగా పిలిస్తే రాకుండా ఎలా ఉంటాం?”

“అబ్బ, ఏం మిమిక్రీ! పెదవి కదలట్లా చూడు!” అని ముందు వరసలో మెచ్చుకున్నారు. కరిముల్లా చెయ్యెత్తి, తను కాదని చెప్పబోయాడు. గాలి వచ్చింది గానీ మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. ఈసారీ అంతే. ఆ చేతులాట చూసి జనం ఇంకా నవ్వారు.

“వేదిక బోసిగా ఉంది. నింపుకుందాం,” అంది గొంతు. “శ్రీమతి మాణిక్యమ్మగారిని వేదికను అలంకరించవలసిందిగా సాదరంగా ఆహ్వానిస్తున్నాం.”

మాణిక్యమ్మ మురిసిపోతూ, వెండిరేకు గలగలలాడిస్తూ మెట్లెక్కి కూర్చుంది. చేతులు మోకాళ్ల మీదికి వెళ్లాయి. కళ్లు ఎదుటి గోడకు అంటుకుపోయాయి. తరవాత గొంతు దేవేంద్రను పిలిచింది. అతనూ వెళ్లి అలాగే కూర్చున్నాడు. కింద జనమంతా అట్టలతో విసురుకుంటూ చెమటలు కక్కుతుంటే, పైన కూర్చున్నవాళ్ల మొహాలు పొడిగా ఉన్నాయి. మాణిక్యమ్మ భుజం మీది రేకుకు, ఐసు డబ్బాలో గోడలకు పట్టినట్టు తెల్లటి నూగు పడుతోంది. అది కరిముల్లా ఒక్కడికే కనిపించినట్టుంది. అతను తప్ప ఆ కుర్చీలకు అంత దగ్గరలో ఎవరూ లేరు మరి.

ఇంకా ఆరేడు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

“క్విజ్ విజేత కుమారి అఫ్సాగారిని...”

రెండో వరసలోంచి అఫ్సా నవ్వుతూ లేచింది. తండ్రి పిలుస్తుంటే పిల్ల ఎందుకు లేవదు? కరిముల్లా ఒక్క గెంతులో వేదిక దిగి, మెట్ల దగ్గర రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు. రావద్దని తల ఊపాడు.

“ఏంటి అబ్బాజీ, మీరే పిలిచి మీరే ఆపుతారు?” అంది అఫ్సా. “అందరూ చూస్తున్నారు, జరగండి.”

“అఫ్సాగారూ, దయచేయండి,” అంది వెనకనుంచి గొంతు. ఆ మాటకు అఫ్సా కాలు దానంతటదే మొదటి మెట్టు మీద పడింది. “అమ్మాయీ, రామ్మా. నేను, మీ నాన్నను, పిలుస్తున్నాను.”

అఫ్సా ఆగింది. ఆ గొంతు ఇంట్లో ఎప్పుడూ వినపడదు. ఇంట్లో కరిముల్లా గుసగుసలాడినంత మెల్లగా మాట్లాడతాడు. రోజంతా అరిచొచ్చినవాడికి ఇంట్లో అరవడానికి ఏం మిగులుతుంది? పైగా కూతుర్ని పేరు పెట్టి పిలిచి ఎరగడు. అమ్మానాన్నల తగాదాల్లో చిన్నప్పట్నుంచీ తీర్పులు చెబుతుందని ఆమెకు వేరే పేరు పెట్టాడు. అది గుమ్మం దాటి బయటికి రాలేదు.

ఆమె తండ్రి పెదవుల వైపు చూసింది. ఎంత వెతికినా వేదిక గొంతు దొరక్క, కరిముల్లా ఇంటి గొంతు కోసం తడుముకున్నాడు. అది అడుగున, ఎక్కడో ఒక మూల, ఉంది.

“కాజీ సాబ్,” అన్నాడు. ఊపిరంత చిన్న మాట. “అది నేను కాదు.”

అఫ్సా మొహంలో నవ్వు పోయింది. కాలు వెనక్కి తీసుకుంది.

“ఏం చెయ్యను?”

“సభ ముగించు. వందన సమర్పణ చెయ్యి. ఒక్కరి పేరు కూడా మరవకు.”

అఫ్సా కిందనే నిలబడి, జనం వైపు తిరిగి చేతులు జోడించింది. మొదలుపెట్టింది. “సభను నిండుగా నడిపించిన అధ్యక్షులు సత్యంగారికి మా ధన్యవాదాలు.”

“సభ ఇంకా పూర్తి కాలేదు,” అంది గొంతు.

“టైమైపోయిందండీ, మండపంవాళ్లు తాళం వేసుకోవాలంట,” అంది అఫ్సా. మళ్లీ ఎక్కడా ఆగలేదు. దేవేంద్రకు చెప్పింది. మాణిక్యమ్మకు చెప్పింది. పులిహోర చేసినవాళ్లకు, టెంటు హౌసువాళ్లకు, మైకు సెట్టువాళ్లకు, ఆఖరికి సమయానికి కరెంటు తీసిన మహానుభావులకు కూడా చెప్పింది. జనం నవ్వి చప్పట్లు కొట్టారు. వేదిక మీద సత్యంగారి నుదుట చెమట పుట్టింది. ఆయన నోరు మూసుకుని, దవడ తడుముకున్నారు. దేవేంద్ర కళ్లార్పాడు.

“ఎంతో దూరం నుంచి శ్రమపడి విచ్చేసిన ముఖ్య అతిథిగారికి మా హృదయపూర్వక ధన్యవాదాలు. ఇంతటితో...”

“జ్ఞాపిక ఇవ్వలేదు,” అంది గొంతు. కోపంగా కాదు, మర్యాదగానే. “వచ్చినవాళ్లను మీరు వట్టి చేతులతో పంపరు కదా.”

అఫ్సా వసారాలోకి పరుగెత్తి, ఒక ఇత్తడి రాకెట్టు తెచ్చి వేదిక అంచున పెట్టింది.

“అవి మా దగ్గర ఉన్నాయి,” అంది గొంతు. “ఇది బాగుంది. ఇది ఇప్పించండి.”

‘ఇది’ అంటే తన గొంతేనని కరిముల్లాకు తెలిసిపోయింది. మాణిక్యమ్మ భుజం మీద కరగబోయిన నూగు మళ్లీ మెడ వైపు పాకుతోంది. సత్యంగారి నోరు మళ్లీ తెరుచుకుంటోంది. కరిముల్లా కూతురి వైపు చూశాడు. ఆమె కళ్లల్లో ‘వద్దు’ ఉంది. అతను చేత్తో తన గొంతు తాకి, ఆ చేతిని కుర్చీ వైపు చాపి, తీసుకోండి అన్నట్టు తల వంచాడు.

ఫ్యాన్లు తిరిగాయి. వేదిక మీద నడిమి కుర్చీ ఖాళీగా ఉంది. శాలువా లేదు. మాణిక్యమ్మ తుమ్మి, “ఇంత ఎండలో ఈ చలేంటమ్మా!” అంది. సభ బ్రహ్మాండంగా జరిగిందని అందరూ ఇళ్లకు పోయారు. ఆ మిమిక్రీ గురించి ఆ వారమంతా పటమటలో చెప్పుకున్నారు.

ఇంటి గొంతు ఇంట్లో బాగానే ఉంది. మైకు ముందు నిలబడితే మాత్రం గాలి తప్ప ఏమీ రాదు. పాత ప్రకటనల క్యాసెట్లు వేసి చూస్తే, వెనకనున్న పాట వినపడుతుంది గానీ మాట ఉండాల్సిన చోట సన్నటి హోరు. డాక్టరు టార్చి వేసి చూసి, గొంతు గాజులా శుభ్రంగా ఉందన్నాడు.

పదిహేను రోజులు గడిచాక, పక్కింటి సంపూర్ణమ్మగారు పిట్టగోడ మీంచి కేకేశారు. వాళ్ల ఫోను నంబరే వీళ్లకీ.

“కరిముల్లా గారూ, మీకు ఫోను!” అని, ఎదురుగా నిలబడ్డ అతన్ని చూసి ఆవిడ నోరు తెరిచేశారు. “అదేంటండీ, మీరిక్కడున్నారు! ఫోన్లో మాట్లాడింది మీరే కదా?”

కరిముల్లా వెళ్లి రిసీవరు చెవికి ఆనించుకున్నాడు.

“కులాసాగా ఉన్నారా?” అంది అతని గొంతు. ఎంత నిండుగా ఉందో! ఆ గొంతు పిలిస్తే ఎదటివాడికి ఎలా ఉంటుందో అతనికి మొదటిసారి తెలిసింది. వెనకాల బోలెడంత మంది ఒక్కసారి ఊపిరి పీల్చినట్టు చప్పుడు. “ఇక్కడ మేం కూడా సభ పెట్టుకుంటున్నాం. మీ గొంతు వేదిక మీదే మీకు తిరిగి అందజేస్తాం. అమ్మాయిగారిని వెంటబెట్టుకుని రండి. దయచేయండి.”

కరిముల్లాకు వెళ్లాలనిపించింది. ఎక్కడికో తెలియదు, దారి తెలియదు, అయినా మడమలు నేల మీంచి లేస్తున్నాయి. గొంతు దొరికితే చాలు, మళ్లీ ఇల్లు గడుస్తుంది. గోడవతల అఫ్సా బకెట్లో బట్టలు జాడిస్తూ తల్లితో ఏదో వాదిస్తోంది. ఆ వాదన విన్నాడు.

“ఉంచుకోండి,” అన్నాడు, తన చిన్న గొంతుతో. “మాకు తీరిక లేదు.” ఫోను పెట్టేశాడు.

సంపూర్ణమ్మగారు ఏమిటేమిటని అడుగుతున్నా ఆగకుండా సైకిలు తీసి, నేరుగా ఆటోనగర్ వెళ్లాడు. అక్కడ బావమరిది నవాబ్‌కు లారీ బాడీలు కట్టే షెడ్డుంది. రేకుల మీద సుత్తులు పడుతున్నాయి. ఒకడి మాట ఒకడికి వినపడదు, అందరూ చేతులతోనే మాట్లాడుకుంటున్నారు. నవాబ్ తలెత్తి, ఏంటి సంగతి అన్నట్టు గడ్డం ఎగరేశాడు. కరిముల్లా చొక్కా చేతులు మడిచి, కింద పడున్న సుత్తి అందుకున్నాడు.