నోరా సిస్టరు విస్తరి

ప్రతి మంగళవారం పుల్లమ్మ అడవిలోంచి వచ్చేది. నెత్తిన అడ్డాకు విస్తర్ల కట్ట, చంకలో కుంకుడుకాయలో చింతపండో కట్టిన మూట. జూలూరుపాడు దాటి అడవి మొదలయ్యే ఆ ఊళ్ళో మొదటి ఇల్లు సుబ్బరత్నానిది. కాబట్టి కట్ట దించడం అక్కడే, మంచినీళ్ళు తాగడం అక్కడే, గూడెం కబుర్లన్నీ విప్పడమూ అక్కడే.

పుల్లమ్మ కుట్టిన విస్తరిలో ఏం వడ్డించినా తినేవాళ్ళకు సొంతింటి రుచి తగిలేది. ముద్దపప్పు పెడితే ఒకరికి చేపల పులుసయ్యేది, ఇంకొకరికి సద్దన్నంలో మాగాయ అయ్యేది. అందుకని పెళ్ళిళ్ళకు మాత్రం ఎవరూ ఆ విస్తర్లు కొనరు. ఒకసారి వెంకటప్పయ్యగారింట పెళ్ళికి కొన్నారు. మూడొందల మంది తిని మూడొందల రకాలుగా మెచ్చుకుంటుంటే, తాను వండిన గుత్తి వంకాయ ఊసు ఒక్కరూ ఎత్తలేదని వంటాయన అలిగి, గరిటెలు సర్దుకుని కొత్తగూడెం బస్సెక్కేశాడు. పుల్లమ్మ వాళ్ళ గూడెంలో మాత్రం ఆ ఆకుల గొప్పేమిటో ఎవరికీ తెలియదు. వాళ్ళకు ఏ ఆకులో తిన్నా జొన్నగటక జొన్నగటకలాగే ఉంటుంది.

సుబ్బరత్నం గుడివాడ వైపు పిల్ల. మొగుడు వెంకటనారాయణ, అత్త సీతారావమ్మలతో కలిసి ఇక్కడ మిరపచేలు చేసుకుందామని వచ్చి ఇరవై నాలుగేళ్ళయింది. బెంగ పుట్టినప్పుడల్లా ఒక విస్తరి తీసుకుని వంటింటి గుమ్మంలో కూర్చునేది. ఏం పెట్టుకున్నా అమ్మ చేసే కొత్తిమీర కారం వంకాయ కూర తగిలేది. తిని, కళ్ళు తుడుచుకుని, లేచి గేదెకు కుడితి పెట్టేది.

ఆ ఏడు, అంటే ఎనభై అయిదులో, మార్చి నెల రెండోవారంలో నోరా సిస్టరు వచ్చి అరుగు మీద కూర్చుంది. ఊరి చివర క్రైస్తవ మఠం వాళ్ళ చిన్న దవాఖానాలో ముప్ఫై అయిదేళ్ళుగా ఆమే నర్సు. ఐర్లండు అనే దేశం నుంచి వచ్చిన మనిషి. అయితే ఇక్కడి మాట ఆమెకు అబ్బినట్టు సుబ్బరత్నానికి నేటికీ అబ్బలేదు. సిస్టరు చేతిలో ఒక ఉత్తరం ఉంది.

"మా మఠం పెద్దలు వాపసు రమ్మంటున్నరు రత్నమ్మా. మా చెల్లె దగ్గర ఉండొచ్చునట. ఇష్టమైతే రా, లేకుంటే ఆడనే ఉండు అని రాసిండ్రు. సోమవారం టపాలకు జవాబు పెట్టాలె."

"మరి మీరేమనుకుంటున్నారు సిస్టరుగారూ?"

"నాకే తెలుస్తలేదు. పొద్దుగాల పోదామనిపిస్తది, పొద్దుమీకి ఉందామనిపిస్తది. ఒక్క పని చెయ్యి. ఆదివారం మా దేశంల పండగ. ఆ రోజు నీ ఇంట్ల తింట. పుల్లమ్మ ఆకుల పెట్టు."

సుబ్బరత్నం పుల్లమ్మ ఆకులోనేనా అని రెండుసార్లు అడిగింది. ఎందుకంటే సిస్టరు ఎవరింటికి వెళ్ళినా తన ఎనామిల్ పళ్ళెం తానే తెచ్చుకునేది. పుల్లమ్మ ఆకు ముందు పెడితే చెయ్యి వెనక్కి తీసుకునేది. "అండ్ల తింటే అదే బస్సుకు పోత బిడ్డా, నాకొద్దు" అనేది. ఇప్పుడు తానే అడుగుతోంది. అందులో తింటే సొంతింటి రుచి తగలక మానదు. తగిలాక ఆ మనిషి ఇక్కడ ఆగుతుందా?

సుబ్బరత్నం తొలిచూలు బిడ్డ తొమ్మిదో రోజున పోయినప్పుడు ఊరంతా వచ్చి ఓదార్చి వెళ్ళింది. సిస్టరు ఒక్కతే ఏమీ ఓదార్చకుండా పదకొండు రోజులు పక్కన కూర్చుని కందులు బాగుచేసింది. ఆ మాట సుబ్బరత్నం ఎవరితోనూ అనలేదు గానీ, అమ్మ తర్వాత అమ్మలాంటిది తనకు ఈ ముసలమ్మే.

ఆ దేశపు పండగ ఎలా చేస్తారో ఎవరికీ తెలియదు. సిస్టరు చెల్లెలు ఎప్పుడో పంపిన గ్రీటింగు కార్డు ఒకటి దవాఖానా గోడకు ఉంటే వెంకటనారాయణ అడిగి పట్టుకొచ్చాడు. ముగ్గురూ దాన్ని కిటికీ దగ్గర పెట్టుకుని చూశారు. అంతా పచ్చరంగు. ఒక పక్క మూడేసి రెక్కల ఆకులు, ఇంకో పక్క వంకర కొయ్యకు వరసగా తీగలు కట్టిన వస్తువేదో ఉంది.

"ఇది మారేడు దళం" అంది సీతారావమ్మ. "వీళ్ళ దేవుడు పైకి చెప్పరు గానీ శివుడేనే."

"మరి ఈ తీగలదేమిటత్తయ్యా?"

"దూది ఏకే విల్లు. పత్తి పండే దేశం అయ్యుంటుంది."

వెంకటనారాయణకు ఇందులో ఏదీ సబబుగా అనిపించలేదు. కానీ తనకు తెలిసిందేమీ లేదు కనుక ఊరుకున్నాడు. శనివారానికల్లా సీతారావమ్మ మారేడు దళాలు గుచ్చి గుమ్మానికి తోరణం కట్టింది. వెదురుబద్ద వంచి, నవారు దారాలు లాగి, మూరెడు విల్లు తయారుచేసి దాని నిండా పత్తి అంటించింది. వెంకటనారాయణ ఆకుపచ్చ పతంగుల కాగితం తెచ్చి టోపీలు చేయబోతే అవి పకోడీ పొట్లాల్లా వచ్చాయి. బాగానే ఉన్నాయి, పండగంటే ఏదో ఒకటి ఉండాలి కదా అని వాటిని వరసగా గూట్లో పెట్టారు.

వంట దగ్గరా అంతే. ఆలుగడ్డలు తింటామని సిస్టరు ఒకప్పుడు చెప్పింది, పచ్చనివి కట్టుకుంటామనీ చెప్పింది. ఆ రెండూ కలిపి సుబ్బరత్నం బంగాళాదుంపల కూరలో పాలకూర రసం పోసింది. చాలదేమోనని ఆకుపచ్చ మిఠాయి రంగు చిటికెడు వేసింది. అదీ చాలదేమోనని ఇంకో చిటికెడు వేసింది. కూర చెరువు పాచిలా తయారైంది. బొబ్బట్లలో పెసరపూర్ణం పెట్టింది, పెసరట్లు ఎలాగూ పచ్చనివే. ఇంత చేస్తూ కూడా తాను చేస్తున్నది సిస్టరును సంతోషపెట్టడానికా సాగనంపడానికా అని ఆమెకే అర్థం కాలేదు.

ఆ అయోమయంలోనే శనివారం కొత్తగూడెం సంతకు పోయిన పాలేరు లాలు చేత ఒక కట్ట బజారు విస్తర్లు తెప్పించింది. అవీ అడ్డాకులవే, చూడటానికి అచ్చం పుల్లమ్మవే. సిస్టరుకు బజారు ఆకు వేస్తే ఏ రుచీ తగలదు, ఏ బెంగా పుట్టదు, ఏ బస్సూ ఎక్కదు. పుల్లమ్మ కట్టను బియ్యం డబ్బా మీద, బజారు కట్టను కింద పెట్టి, ఎవరికీ చెప్పకుండా పడుకుంది.

తెల్లారేసరికి ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. ముప్ఫై అయిదేళ్ళు నోరు కట్టుకున్న మనిషి ఒక్క పూట సొంతింటి ముద్ద అడిగితే దొంగాకు వేస్తానా అనుకుంది. పోతే పోతుంది, తిని పోనీ. పైకట్టలోంచే వడ్డించాలని గట్టిగా అనుకుని పొయ్యి దగ్గరకు వెళ్ళింది.

సాయంత్రం ఎండ తగ్గాక సిస్టరు వచ్చింది. పుల్లమ్మనూ పిలిచారు, ఆమె ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. సిస్టరు గుమ్మం దగ్గర మారేడు తోరణాన్ని చూసి ఆగిపోయింది. పత్తి అంటించిన విల్లును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇది పాటలకు వాయిస్తరు సీతమ్మా" అంది.

"దూదేకితే పాటలు వస్తాయా?" అంది సీతారావమ్మ. సిస్టరు నవ్వి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

సుబ్బరత్నం విస్తర్ల కోసం లోపలికి వెళ్ళి నిలబడిపోయింది. బియ్యం డబ్బా మీద ఏమీ లేదు, కింద కూడా ఏమీ లేదు.

"అన్నీ కడిగి ఆ గంపలో బోర్లించానే, పని తీరిపోతుందని" అంది సీతారావమ్మ.

రెండు కట్టలూ ఒక్కటైపోయాయి. ఏది పుల్లమ్మదో ఏది బజారుదో తెలిసే దారి లేదు. పుల్లమ్మను అడగాలంటే చేసిన దొంగపని చెప్పుకోవాలి. సుబ్బరత్నం కళ్ళు మూసుకుని చేతికొచ్చిన నాలుగు ఆకులు తీసి వరసగా వేసి వడ్డించింది.

సీతారావమ్మ పచ్చకూర నోట పెట్టుకుని తల ఊపింది. "మా అమ్మ మామిడికాయ పులిహోర. పోపులో ఇంగువ కూడా తగిలింది." వెంకటనారాయణ ముఖం చిట్లించాడు. "నాకు బంగాళాదుంపలే" అన్నాడు. ఆయనకు బజారు ఆకు పడిందన్నమాట. పుల్లమ్మ ఏమీ అనకుండా తింటోంది. అందరూ సిస్టరు వైపు చూశారు.

సిస్టరు ఒక ముద్ద తిని ఆగింది. ఇంకో ముద్ద తిన్నది. పెసరట్టు తుంచుకుంది. ఆమె ముఖంలో ఏమీ కదల్లేదు.

"ఎట్లుంది సిస్టరమ్మా?" అంది పుల్లమ్మ.

"ఆలుగడ్డ కూర. రత్నమ్మ చేతి కూర లెక్కనే ఉన్నది. రంగు జర ఎక్కువైంది." ఆమె గొంతు తగ్గింది. "మా అమ్మ వంట వస్తదనుకున్న. రాలే."

సుబ్బరత్నం గరిటె కింద పెట్టేసింది. ఏడుపు ఆగలేదు. "నా తప్పే సిస్టరుగారూ. మీరు వెళ్ళిపోతారని బజారు ఆకులు తెప్పించాను. తర్వాత వద్దనుకున్నాను గానీ కలిసిపోయాయి. మీకు పడింది బజారుది. ఉండండి, మార్చి పెడతాను."

పుల్లమ్మ ఎడమచేత్తో సిస్టరు విస్తరి అంచు పట్టుకుని కొంచెం పైకెత్తి, వంగి కిందికి చూసింది.

"ఏం మారుస్తవమ్మా? ఇది నేను కుట్టిందే" అంది. "కింద నడిమిట్ల రెండు పుల్లలు అడ్డంగ కలిపిన, సూడు. బజారోళ్ళు గట్ల కలపరు."

"మరి రుచి రాలేదంటున్నారుగా?"

"వచ్చింది గద. నీ కూర రుచి వచ్చింది." పుల్లమ్మ మళ్ళీ తన ముద్ద కలుపుకుంది. "నాకు గూడ గట్లనే ఉంటది. ఇంట్ల ఉన్నోళ్ళకు ఆకు కొత్తగ ఏం జెప్తది?"

సిస్టరు చాలాసేపు ఆ కూరవైపే చూసింది. ఆమె ముఖంలో సంతోషం ఉందో దిగులు ఉందో సుబ్బరత్నానికి తెలియలేదు. ఆ రెండూ ఉండి ఉంటాయి. తల్లి వంట పోయిందన్న సంగతి, ఇల్లు దొరికిందన్న సంగతి ఒకే ముద్దలో తెలిస్తే ఎవరికైనా అంతే. తర్వాత ఆమె మెల్లగా తినడం మొదలుపెట్టి, మెతుకు మిగల్చకుండా తిన్నది. బొబ్బట్టు రెండోసారి అడిగి వేయించుకుంది.

ఎప్పుడూ పళ్ళెంలోనే తిన్న మనిషి కాబట్టి ఆఖర్న ఆమెకు ఒక అనుమానం వచ్చింది. "దీన్ని ఎట్ల మడవాలె?"

"మళ్ళీ ఇక్కడ తినాలనుకుంటే నీ వైపుకు మడుచుకో తల్లీ" అంది సీతారావమ్మ. "ఇంక చాలనుకుంటే అవతలికి."

సిస్టరు విస్తరి అవతలి అంచు పట్టుకుని తన వైపుకు మడిచింది. మడత విచ్చుకోకుండా రెండు చేతులతో అదిమింది. సోమవారం టపా తీసుకుపోవడానికి వచ్చిన జైరాంకు ఒక పల్చటి కవరు ఇచ్చి, దవాఖానాకు వంద కుట్టుసూదులూ రెండు డబ్బాల ఆయింట్‌మెంటూ పంపమని ఇంకో కవరు కూడా ఇచ్చింది.

అయితే అది మర్నాటి మాట. ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక సుబ్బరత్నం గంపలోంచి ఒక ఆకు తీసుకుని వంటింటి గుమ్మంలో కూర్చుంది. మిగిలిన కూర వేసుకుని ముద్ద కలిపి నోట పెట్టుకుంది. అమ్మ చేతి కొత్తిమీర కారం తగల్లేదు. బజారు ఆకేమోననుకుని అంచు ఎత్తి చూసింది. కింద నడుమ రెండు పుల్లలు అడ్డంగా కలిసి ఉన్నాయి.

ఆమె ఇంకో ముద్ద తిన్నది. కూరలో రంగు నిజంగానే ఎక్కువైంది.