తాత్కాలికంగా దాచిన మాట

నేను ఒక పాస్‌వర్డ్‌ని. పేరు అడక్కండి, చెప్పను. చెప్పకపోవడమే నా ఉద్యోగం. మహా అయితే ఇంత చెబుతాను: సన్యాసమ్మ సిస్టరు పెంచుకున్న మేక పేరూ, ఆవిడ నర్సుగా చేరిన సంవత్సరమూ కలిస్తే నేను. చివర్లో ఏదో ఒక గుర్తు కూడా ఉండి తీరాలని యాప్ మొండికేస్తే, ఆవిడ విసుక్కుంటూ చేతికందింది నొక్కింది. చూశారా, అప్పుడే ఎక్కువ వాగేశాను. నాకు స్థిమితం తక్కువ. ఎందుకు తక్కువో వింటే మీరూ నన్ను తప్పుపట్టరు.

విజయనగరం జిల్లాలో ఒక చిన్న ఆరోగ్య కేంద్రం. అక్కడ నెలనెలా హెచ్‌ఐవీ మందులు తీసుకునేవాళ్ళు నలభై ముగ్గురు. వాళ్ళ పేర్లన్నీ యాప్‌లో ఉంటాయి, ఆ యాప్ తలుపుకి నేనే తాళంచెవిని. నన్ను టైపు కొట్టినవాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నా సరే, ఆ పేర్లన్నీ చదివేయొచ్చు. ఆ నలభై ముగ్గురిలో తవిటమ్మ ఒకతె. బడిలో పిల్లలకి మధ్యాహ్నం అన్నం వండుతుంది. ఆమె వంట వల్ల ఎవరికీ ఏమీ కాదని డాక్టర్లకి తెలుసు, ఊరికి తెలియదు. తెలిసిన రోజు గరిటె లాక్కుంటారు. మొదటిసారి వచ్చినప్పుడే ఆమె సన్యాసమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "నా పేరు బయటికెళ్తే నాను బతకనక్కా" అంది. "నా ప్రాణం పోయినా ఎల్నివ్వను" అంది సన్యాసమ్మ. మాట ఇచ్చింది ఆవిడ, కాపలా పడింది నా మీద.

యాప్ రాసింది హిమజ అని విశాఖలో ఒక చిన్న కంపెనీ అమ్మాయి. పనిమంతురాలే. ఫోన్ల లోపల ఇనప్పెట్టె లాంటి చోటు ఒకటుంటుంది, మాటిమాటికీ టైపు కొట్టే పని లేకుండా మొదట నన్ను అందులోనే పెట్టింది. అక్కడున్నన్నాళ్ళూ నేను రాజాలా బతికాను. కాకపోతే ఆ పెట్టెకో షరతుంది. ఫోన్ స్క్రీన్‌కి తాళం ఉంటేనే అది పనిచేస్తుంది.

మా కేంద్రంలో ముగ్గురు సిస్టర్లకీ ఒకటే ఫోను. చేతులకి గ్లవ్స్ వేసుకుని ఉండగా ఫోన్ మోగితే గీతలు గీసి తాళం తీయడం ఎవరి వల్ల అవుతుంది? ముగ్గురూ కూడబలుక్కుని ఆ తాళం కాస్తా పీకేశారు. దాంతో ఇనప్పెట్టె మూతపడింది. యాప్ తెరిచిన ప్రతిసారీ పాస్‌వర్డ్ కొట్టమనడం మొదలుపెట్టింది.

సన్యాసమ్మ ఫోన్ చేసి హిమజని కడిగేసింది. "ఓలమ్మా, నీ యాపు రోజుకి ఇరవైసార్లు నువ్వెవరివే అని అడుగుతంది. బయట జనం ఎండలో నిలబడిపోతన్నారు."

హిమజకి జాలేసింది. పెట్టె పనిచేయని ఫోన్లలో నన్ను మామూలు ఫైల్‌లో, అక్షరం అక్షరం కనబడేలా రాసేసి, పక్కన తన కోసం ఒక ముక్క రాసుకుంది: "ఇది తాత్కాలికం. తర్వాత మార్చాలి." మనుషుల భాషలో తాత్కాలికం అంటే ఎంతకాలమో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఎనిమిది నెలలు నడిచింది. నడిబజార్లో పరుపేసి పడుకోబెట్టినట్టుండేది నాకు. ఎవరు ఫోన్ ముట్టుకున్నా గుండె దడ.

ఒకరోజు ఫోన్ ఆన్ అవడం మానేసింది. సన్యాసమ్మ దాన్ని ఊరి సెంటర్లో ఫోన్లు బాగుచేసే ఫరీద్ కొట్టుకి తీసుకెళ్ళింది. ఫరీద్ నెమ్మదస్తుడు. సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించాలి, ఫోన్‌లో ఉన్నవన్నీ పోతాయి అన్నాడు. ఆవిడ మనవరాలి ఫొటోలు పోతాయని కంగారుపడింది. పాపం, అతను ఉన్నదంతా తన కంప్యూటర్‌లోకి తీసి, రిపేరయ్యాక మళ్ళీ ఫోన్‌లో పెట్టాడు. ఫొటోలతో పాటు నేనూ వెళ్ళాను. ఆ కంప్యూటర్ దగ్గర వచ్చేపోయేవాళ్ళంతా కూర్చుని పాటలు ఎక్కించుకుంటారు. ఫోన్‌లో ఒక నేను, కొట్టులో ఒక నేను. కొట్టులో ఉన్నవాడి గురించి తలుచుకుంటేనే నాకు ఒళ్ళు జలదరించేది.

పందొమ్మిది రోజుల తర్వాత సన్యాసమ్మ వేరే పని మీద హిమజతో మాట్లాడుతూ మెచ్చుకోలుగా అంది: "ఫరీదు బలే సేసినాడమ్మా. అన్నీ కంప్యూటర్లో దాసి మళ్ళీ ఎట్టీసినాడు. నీ యాపు పాస్‌వర్డు కూడా అడగనేదు!"

అడగలేదంటే నేను ఫైల్‌తో సహా ఆ కంప్యూటర్‌లోకి ప్రయాణం చేశానని హిమజకి అర్థమైపోయింది. "సిస్టర్, ఉన్నపళంగా పాస్‌వర్డ్ మార్చేద్దాం. నేను చెప్పినట్టు నొక్కండి" అంది. నాలుగు నిమిషాల్లో నా పదవి ఊడింది. నిజం చెబుతున్నాను, నా అంత సంతోషంగా చచ్చినవాళ్ళు ఉండరు.

మర్నాడు పొద్దున్నే హిమజ బస్సెక్కి వచ్చింది. సంగతి విన్న ఫరీద్ నివ్వెరపోయి, ఆమె కళ్ళముందే తన కంప్యూటర్‌లో ఉన్నదంతా చెరిపేశాడు. ఆ పందొమ్మిది రోజుల్లో నన్ను వాడి వేరే చోటు నుంచి ఎవరూ లోపలికి రాలేదని సర్వర్ లెక్కల్లో తేలింది. ఏమీ జరగలేదు కదా, ఎవరికీ చెప్పొద్దని కంపెనీ మేనేజర్ ఆమెకి ముందే హితబోధ చేశాడట. అయినా ఆ పిల్ల సన్యాసమ్మ ముందు తలొంచుకుని నిలబడి, "తప్పు ఫరీద్‌ది కాదు, మీదీ కాదు. అలా రాసింది నేను" అని చెప్పేసింది. ఆ ఒక్క మాటతో ఆమె మీద నా కోపం సగం పోయింది.

సన్యాసమ్మ మూడు రోజులు మథనపడింది. మందుల రోజు వచ్చిన ప్రతి ఒక్కరినీ గదిలోకి పిలిచి, తలుపు వేసి, ఉన్నదున్నట్టు చెప్పింది. కొందరు తిట్టారు, ఒకతను నవ్వి ఊరుకున్నాడు. ఆఖర్న తవిటమ్మ వచ్చింది. ఫోన్ బల్ల మీదే ఉంది. అందులో పాత ఫైల్‌లో పనికిరాని మాటనై పడి ఉన్నాను. హిమజ పంపిన కొత్త యాప్ దిగుతోంది, అది పూర్తయితే ఆ ఫైల్ కూడా ఉండదు.

తవిటమ్మ అంతా విన్నది. ఏడవలేదు.

"ఎవుళూ సూడనేదు కదా?"

"నేదమ్మా. లెక్క తీసి సూసినారు."

ఆమె మందుల సీసా కొంగులో కట్టుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"ఆ పందొమ్మిది రోజులూ నాను ఆయిగా నిద్దరోయేనక్కా. నీ కాడ ఉన్నాది కదా నా పేరని. ఇప్పుడు సెప్పీసినావు. ఇయ్యాల్టి నుంచి ఎలాగ నిద్దరోవాలో అది కూడా సెప్పు."

సన్యాసమ్మ నోరు తెరిచింది. ఏమని జవాబిచ్చిందో నాకు తెలియదు. సరిగ్గా అప్పుడే కొత్త యాప్ వచ్చి నన్ను చెరిపేసింది.