హద్దు మామిడి

రాయి పాతాల్సిన చోట మొక్క పాతించిన పాండురంగాన్ని వెంకట్రాజం ఈ జన్మకు క్షమించడు. ఇంటి జాగలు పంచిన నాడే మూలకో హద్దురాయి పాతి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. రాయికి ఆకులు రావు, కాయలు కాయవు. రాయిని చూసి, దీనికి మంచి రకం అంటు కడదామని ఎవడికీ బుద్ధి పుట్టదు.

పాండురంగం ఆ రోజుల్లో కంపెనీ గుమాస్తా. కంపెనీ అంటే నెక్కొండ స్టేషనుకు రెండు మైళ్ల దూరంలో వరంగల్ వ్యాపారి కిషన్ రావు సేటు డెబ్బై ఒకటిలో పెట్టిన మొక్కల నర్సరీ. బోర్డు మీద ‘శ్రీ వనలక్ష్మి మొక్కల కంపెనీ’ అని పెద్ద అక్షరాలతో ఉండేది గానీ ఆ పేరు పలికే ఓపిక ఎవరికీ లేదు. పని చేసే చోటూ కంపెనీయే, ఉండే ఊరూ కంపెనీయే. సంతలో ఎవరైనా “మీదే ఊరే?” అంటే “కంపెనీ” అనేవాళ్లు. అడిగినవాడు అదేం ఊరని నవ్వేవాడు. నవ్వినవాడే మర్నాడు వచ్చి నాలుగు నిమ్మ మొక్కలు పట్టుకుపోయేవాడు.

నలభై ఇళ్ల ఊరు. దానికో కిరాణా కొట్టు, ఒక బడి, పొద్దున పనికి పిలవడానికి వేపకొమ్మకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క. ఎనభై నాలుగులో సేటు పోయాడు. ఎనభై ఆరు ఎండాకాలంలో ఆయన కొడుకులు నర్సరీని హైదరాబాదు పార్టీకి అమ్మేశారు. కొన్నవాళ్లకు మొక్కలు అక్కర్లేదు, భూమి కావాలి. జాగ తమదని రుజువు చూపినవాళ్లు ఉండొచ్చు, చూపలేనివాళ్లు ఖాళీ చేయాలని కబురు వచ్చింది.

ఎవరి దగ్గరా ఒక్క కాగితం లేదు.

“సేటు నోటిమాట ఇచ్చిండు గదా, అది చాలదా?” అన్నాడు రాయమల్లు. వెంకట్రాజం పక్కింటివాడు. ఆ రోజు అందరూ కిరాణా కొట్టు ముందు పోగయ్యారు.

“నోటిమాట ఇచ్చిన నోరు కాలిపాయె. ఇప్పుడెవన్ని అడుగుతవ్?” అన్నాడు వెంకట్రాజం.

వెంకట్రాజానికి అప్పుడు నలభై రెండేళ్లు. అయిదో తరగతితోనే బడి మానేశాడు. అంటు కట్టడంలో మాత్రం కంపెనీలో అతన్ని మించినవాడు లేడు. నాటు మామిడి మొక్కను చెక్కి, మంచి రకం కొమ్మను చెక్కి, రెండు గాయాలనూ ఆనించి పీలికతో బిగిస్తే రెండు నెలల్లో అవి ఒకటవుతాయి. కింద నాటు వేరు, పైన మంచి కాయ. వెంకట్రాజం కట్టిన అంటులో అతుకు ఎక్కడుందో సేటు కూడా కళ్లద్దాలు పెట్టుకుని వెతుక్కునేవాడు.

అతనికి ఇంకో తీట కూడా ఉంది, ఏదైనా ఎట్లా మొదలైందో తెలుసుకునే తీట. ఊరిమీదికి ముప్పు వచ్చాక ఆ తీట పనికొచ్చింది. పదిహేనేళ్లుగా నడుస్తున్న గల్లీలను అతను మొదటిసారి ఆగి చూశాడు. మామిడి గల్లీ నడుమ ఎందుకు వంకర పోయింది? జామ గల్లీ ఒక కొసన వెడల్పుగా, ఇంకో కొసన మనిషి పట్టనంత ఇరుకుగా ఎందుకుంది? అడుగులు వేసి కొలిచాడు. పాత మోటబావి దగ్గర నిలబడి చూస్తే తెలిసింది. నీళ్ల కాలువలు ఎట్లా పారాయో గల్లీలూ అట్లాగే పారాయి. మొక్కల మడులు ఉన్న చోట ఇళ్లు లేచాయి. కాలువలో నీళ్లు ఎండినాక జనం నడిచారు.

“నేను అండ్ల బట్టలు ఉతికిన కొడుకా” అంది సమ్మమ్మ. కంపెనీ పెట్టిన మొదటి ఏడాది మట్టికుండల్లో చెరువు మట్టి నింపిన ఆడవాళ్లలో ఇప్పటికీ ఉన్నది ఆమె ఒక్కతే. “నీ ఇంటి గడప ఉన్న జాగల మోకాలు లోతు నీళ్లు.”

“జాగలు పంచిన నాడు నువ్వు ఉన్నవా, పెద్దమ్మా?”

“లేకేమి? డెబ్బై మూడుల. కరువు పోయి వానలు పడ్డ ఏడు. రాళ్లు తెప్పిద్దమా అని మీ గుమాస్తానే అడిగిండు. మళ్లా ఆయనే అన్నడు, రాయినైతే ఎవడన్న జరుపుతడు, చెట్టును జరపమను చూద్దమని. సేటు మురిసిపోయిండు. మనది మొక్కల కంపెనీ, హద్దు గూడ మొక్కనే ఉండాలె అన్నడు. ఇంటికో మొక్క పెట్టిచ్చి, ఎవరి మూలల ఏ చెట్టో గుమాస్తాతోని బుక్కుల రాయిచ్చిండు. ఎర్ర గుడ్డ అట్ట బుక్కు.”

వెంకట్రాజం చెవులు నిక్కబొడుచుకున్నాయి. అట్లాంటి బుక్కు ఒకటి ఉందని అతనికి ఇన్నేళ్లూ తెలియదు. జాగలు పంచిన వారం అతను సేటు పంపితే అంటు కట్టే మామిడి పుల్లల కోసం పొరుగు జిల్లాకు పోయాడు. తిరిగొచ్చేసరికి అతని మూలలో ఒక నాటు మామిడి మొక్క పాతి ఉంది, దాని పక్కన భార్య యాకమ్మ చేతులు నడుము మీద పెట్టుకుని నిలబడి ఉంది. అతను చూసింది అంతే.

మర్నాడు హనుమకొండ పోయాడు. పాండురంగం ఇంటి అరుగు మీద కూర్చుని పప్పు ఏరుతున్నాడు. ముసలివాడయ్యాడు.

“ఎవరది? వెంకట్రాజమా? కూసో. ఇంకా ఆ మొక్కలకు పెండ్లిళ్లు చేస్తున్నవా?”

“మొక్కలు బాగనే ఉన్నయి గుమాస్తా సాబ్. మనుషులకే జాగ లేకుంట అయితాంది. ఎర్ర అట్ట బుక్కు ఏమైంది?”

పాండురంగం పప్పు చేటను పక్కన పెట్టాడు. “అది అడగనీకి పదమూడేండ్లల ఒక్కడు రాలే. సేటు కొడుకులకు ఇస్తే పొయ్యిల పెడుతరని నేనే ఉంచుకున్న.”

లోపలికి వెళ్లి ట్రంకు పెట్టెలోంచి బుక్కు తెచ్చాడు. గుడ్డ మాసింది గానీ సిరా చెక్కు చెదరలేదు. వెంకట్రాజం వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. ‘వెంకట్రాజం. మామిడి గల్లీ. ఈశాన్యం మూల, నాటు మామిడి చెట్టు. అక్కడ నుండి కొలత.’ కింద సేటు సంతకం. రాయమల్లుది కూడా నాటు మామిడే. కొందరికి వేప, కొందరికి నేరేడు. నలభై పేర్లూ ఉన్నాయి.

అతనికి ఏడుపొచ్చింది. “సాబ్, నువ్వు దేవునివి” అన్నాడు. ఆ మాట అన్నందుకు తరవాత చాలాసార్లు నాలుక కొరుక్కున్నాడు.

కొన్నవాళ్లు పంపిన సర్వేయరు పేరు మల్లికార్జున్. నెమ్మదైన మనిషి. బుక్కును రెండుసార్లు తిరగేసి, సేటు సంతకాన్ని వేరే కాగితాలతో పోల్చి చూసి, “బుక్కు సరైందే. మరి ఏం చేద్దామంటారు?” అన్నాడు.

ముందుకొచ్చింది వెంకట్రాజమే. ఎవరూ చెప్పమనలేదు. “ఈ బుక్కుల రాసిన చెట్టు ఆ మూలల ఉంటే ఇల్లు ఉంటది సార్. లేకుంటే పోతది. అంతే. మాకు మతలబులు లేవు.”

“అందరికీ సమ్మతమేనా?”

అందరూ ఒప్పుకున్నారు. చదువొచ్చినవాళ్లు సంతకం పెట్టారు, రానివాళ్లు వేలిముద్ర వేశారు. రాయమల్లు వెంకట్రాజం భుజం మీద చరిచి, “మా అన్న కలెక్టరు కావాల్సినోడు” అన్నాడు.

మర్నాడు పొద్దున చూడటం మొదలైంది. జామ గల్లీలో వేపలూ నేరేళ్లూ ఉన్న చోట ఉన్నాయి. సర్వేయరు టిక్కు పెట్టుకుంటూ మామిడి గల్లీలోకి వచ్చాడు. వెంకట్రాజం ఇంటి మూలలో చెట్టు నిండా కాయలు వేలాడుతున్నాయి. సర్వేయరు చెట్టును చూశాడు, బుక్కు చూశాడు, మళ్లీ చెట్టును చూశాడు.

“ఇది బంగినపల్లి గదా.”

“అవును సార్” అన్నాడు వెంకట్రాజం గర్వంగా. “కాయ కోసియ్యాల్నా?”

“బుక్కుల నాటు మామిడి అని ఉన్నది.”

అప్పటికి గానీ అతనికి తట్టలేదు. అతనికే కాదు, గల్లీలో ఎవరికీ తట్టలేదు. అంటు కట్టే చేతులున్న ఊరు అది. కళ్ల ముందు పుల్లటి పీచుకాయల చెట్టు పెరుగుతుంటే ఊరుకునేవాడు ఎవడు? డెబ్బై అయిదు నాటికి, మామిడి మొక్క వచ్చిన ప్రతి ఇంటివాడూ కంపెనీ తల్లిచెట్టు నుంచి ఒక పుల్ల మొలలో దాచి తెచ్చుకుని తన హద్దుకు కట్టుకున్నాడు. సేటుకు తెలిసినా తెలియనట్టే ఉన్నాడు.

“వేరు నాటుదే సార్. మీద మాత్రమే బంగినపల్లి. చెట్టంటే వేరు గదా?” అన్నాడు వెంకట్రాజం.

“మా ఇంట్ల గూడ తోట ఉన్నది. మేము కాయను చూసే చెట్టు పేరు చెప్తం.”

“మనిషి అంగీ మారిస్తే పేరు మారుతదా సార్?” అంది యాకమ్మ.

సర్వేయరు నవ్వాడు, తరవాత ఆలోచించాడు. “సరే అమ్మా. కింద నాటు ఉన్నట్టు చూపించుండ్రి. అతుకు చూపిస్తే చాలు.”

రాయమల్లు ఇంట్లో చూపించడానికి నిమిషం పట్టలేదు. రాయమల్లుది మొద్దు చేయి. కంపెనీలో అతను కట్టిన అంట్లు సగం ఎండిపోయేవి, బతికినవి గొంతులో గడ్డ లేచినట్టు ఉండేవి. అతని చెట్టుకు నడుము ఎత్తులో కుండంత బుడిపె. దాని కిందినుంచి ఏటేటా నాటు చిగుళ్లు వస్తున్నా బద్ధకంతో తుంచలేదు. సర్వేయరు కింద ఒక ఆకు, పైన ఒక ఆకు నలిపి వాసన చూసి టిక్కు పెట్టాడు.

“నా చెయ్యిని తిట్టినోళ్లంత ఇప్పుడు మొక్కుండ్రి” అన్నాడు రాయమల్లు. వెంకట్రాజం ముఖం చూసి నవ్వు ఆపేశాడు.

వెంకట్రాజం చెట్టుకు బుడిపె లేదు. నున్నటి మొదలు. మొక్క చిన్నగా ఉన్నప్పుడు జానెడు ఎత్తున కట్టాడు. కింద మొలిచిన ప్రతి చిగురునూ మొలిచిన రోజే గిల్లేశాడు. ఆ మీద యాకమ్మ ఏటా ఇల్లు అలికిన మట్టీ, పొయ్యి బూడిదా తెచ్చి మొదట్లో పోసింది. మూరెడు లోతు తవ్వారు. ఎంత తడిమినా బెరడంతా ఒకటే తీరు.

“నలభై రోజుల టైం ఇస్తున్న” అన్నాడు సర్వేయరు. “అప్పటిదాకా నిన్నెవరూ కదిలియ్యరు.”

ఒక్కటే దారి ఉంది. అతుకు కింద కోస్తే మోడు నాటు చిగురు వేస్తుంది. మరీ కిందికి, వేర్ల దాకా పోయి కోస్తే చెట్టు చచ్చిపోతుంది, అసలు చిగురే రాదు. అతుకు మీద కోస్తే బంగినపల్లే వస్తుంది. మూడు రోజులు వెంకట్రాజం గుంటలో కూర్చుని బొటనవేలితో మొదలును తడిమాడు. తను కట్టిన అతుకును తనే వెతుక్కోవలసి వస్తుందని ఏనాడూ అనుకోలేదు. నాలుగో రోజు, గుంటలో బెత్తెడు లోతున, చుట్టూ తిరిగిన సన్నని గీత ఒకటి వేలికి తగిలింది.

“ఇదే” అన్నాడు.

“నిజంగ అదేనా? కాయలన్న కోసుకున్నంక నరకరాదూ?” అంది యాకమ్మ.

“కాయలు దించేదాక గడువు ఆగుతదా?”

గీతకు నాలుగు వేళ్ల కింద రంపం పెట్టాడు. రాయమల్లు రెండో కొస పట్టుకున్నాడు. చెట్టు గల్లీకి అడ్డంగా పడింది. పచ్చికాయలు ఊరంతా పంచారు. ఆ వారం ప్రతి ఇంట్లో తొక్కు పెట్టారు.

మృగశిర కార్తెలో వాన పడింది. పద్దెనిమిదో రోజున మోడు అంచున రెండు ఎర్రటి మొగ్గలు లేచాయి. వెంకట్రాజం రోజుకు పదిసార్లు వంగి చూసేవాడు. ఏమొస్తుందోనన్న భయం కన్నా, ఏదో చూడాలన్న ఆత్రమే ఎక్కువగా ఉండేది. పన్నెండేళ్ల కింద కట్టిన ముడిని ఇప్పుడు విప్పి చూస్తున్నట్టు. ఆకులు వేలెడు పొడవయ్యాక ఒక లేతాకు తుంపి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇంకో ఆకు తుంపి మళ్లీ వాసన చూశాడు.

“ఏమైంది?” అంది యాకమ్మ.

“ఆ గీత అతుకుది కాదే. మనం అప్పట్ల మేకను కట్టేసినం గదా, ఆ తాడు ఒరిసిన గీత. అతుకు ఇంకా కిందున్నది.”

నలభయ్యో రోజున సర్వేయరు వచ్చాడు. గుంట దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఆకులు చూశాడు. లేతాకులన్నీ ఒకటే రంగులో ఉంటాయి. నలిపి వాసన చూశాడు. తేల్చుకోలేకపోయాడు.

“నాకైతే తెలుస్తలేదు. ఈ ఊళ్లె నీకన్న తెలిసినోడు లేడంటరు. నువ్వే చెప్పు, ఏం రాసుకోవాలె?”

గల్లీ అంతా అక్కడే ఉంది. నాటుదని చెప్పు అన్నట్టు రాయమల్లు కళ్లతో సైగ చేశాడు. యాకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాటు అన్న మాట ఎంత చిన్నదో వెంకట్రాజానికి తెలుసు. కానీ పదిహేనేళ్లలో వేల మొక్కలు అమ్మకానికి పోతుంటే, గంప మీద రకం పేరు చెప్పింది అతనే. ఒక్క గంప కూడా తప్పు పేరుతో నెక్కొండ స్టేషను దాటలేదు.

“బంగినపల్లి” అన్నాడు.

“జర ఇంకోపారి చూడే అన్నా” అన్నాడు రాయమల్లు.

“చూసిన.”

“ఇంకో నెల టైం ఇయ్యరాదు సార్, ఇంకా కిందికి కోసి చూపిస్తం” అంది యాకమ్మ. సర్వేయరు తల దించుకుని, అది తన చేతుల్లో లేదన్నాడు. అందరూ సంతకాలు పెట్టిన కాగితం ఆయన సంచిలోనే ఉంది. దాన్ని బయటికి తీయలేదు, తీయాల్సిన పనీ లేదు.

నలభై ఇళ్లలో ముప్పై నాలుగు నిలిచాయి. ఆరు పోయాయి. ఆరూ కంపెనీలో చేయి తిరిగిన పనివాళ్ల ఇళ్లే. సర్వేయరు గొలుసు పట్టించి, బుక్కులో రాసినట్టే మోడు దగ్గర మొదలుపెట్టి, వెంకట్రాజం చేతినుంచి పోయిన జాగను కొలిచాడు. వెడల్పు పదకొండు గజాలు, పొడవు ఇరవై మూడు గజాలు. మొత్తం రెండు వందల యాభై మూడు గజాలు, అంటే రెండు గుంటల పదకొండు గజాల భూమి.