ఎడమచేతి నవ్వు

దరఖాస్తులో నాలుగో గడి దగ్గర ఆగిపోయాను. ‘బిడ్డకున్న ఇబ్బంది’ అని ఉంది, దాని కింద ఒక్క గీత. మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. నవ్వు వచ్చినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ముందరి పన్ను ఒకటి కాస్త ఒరిగి వచ్చింది, దానికి సిగ్గుపడుతోందని నా నమ్మకం. పిల్లల పళ్ళ వైద్యానికి ప్రభుత్వమే ఖర్చు పెట్టుకుంటుందని బడి నుంచి కాగితం వచ్చిన రోజు దుకాణం గంట ముందే కట్టేశాను. అదంతా ఒక గీత మీద ఎలా పట్టించడం? చివరికి ‘నవ్వదు’ అని రాశాను.

కిటికీ అవతలి గుమస్తా అది చదివి కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టాడు.

“ఏవండీ, ఇది పంటి పథకం. నవ్వకపోవడం జబ్బయితే ముందు ఈ ఆఫీసులో అందరికీ వైద్యం చేయించాలి.”

“పన్ను వంకరండీ. అందుకే నవ్వదు.”

“వంకరకి ఇవ్వరు. పుచ్చుకి, నొప్పికి, చిగుళ్ళకి ఇస్తారు. పుచ్చుందా?”

“తెలీదండీ.”

“ఉండాలని కోరుకోండి మరి.” ముద్ర వేసి కాగితం తోశాడు.

“ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళమంటారు?”

“పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం. వీధి చివర ఉందిగా, ఆవిడ దగ్గరికే వెళ్ళండి. పనయ్యాక ఆవిడ సంతకంతో ఈ కాగితం మళ్ళీ నాకే ఇవ్వాలి.”

నేను తాళంచెవులు చేసేవాణ్ణి. పొద్దస్తమానం ఇనుప ముక్కలకి పళ్ళు పెట్టడమే నా పని. నా నోట్లో మాత్రం ముందరి పన్ను ఒకటి లేదు. పన్నెండో ఏట పుచ్చిపోతే, బాగుచేయించే దారి లేక ఇంట్లోవాళ్ళు పీకించేశారు. ఆ ఏడంతా బళ్ళో నా పేరు కిటికీ. కిటికీ మూసుకోవడం అప్పుడే నేర్చుకున్నాను. కుడిచేతిలో ఎప్పుడూ ఏదో ఒక పని ఉంటుంది కనుక ఎడమచెయ్యి, నాలుగు వేళ్ళు పెదాల మీద, బొటనవేలు దవడ కింద. మీసం వచ్చాక మీసం కూడా పెంచాను. కొన్నాళ్ళకి అది అలవాటైంది, ఆ తరువాత అలవాటని కూడా మరిచిపోయాను. ఎవరితోనూ పన్నెత్తి మాట్లాడడని వీధిలో నాకు పేరు. ఆ పేరు నాకు హాయిగానే ఉండేది. దాని వెనక మనిషి పట్టేంత చోటుంది. అమ్మాయికి మాత్రం అలాంటి చోటు అక్కరలేకుండా చెయ్యాలనుకున్నాను.

డాక్టరమ్మ గొంతు గదికి పెద్దది. అమ్మాయిని కుర్చీలో వెనక్కి వాల్చి, దీపం దగ్గరికి లాగి, చిన్న అద్దం నోట్లో పెట్టి చూసింది.

“వెనక రెండు పుచ్చులున్నాయి తల్లీ. నీకు తెలీకుండా కాపురం పెట్టేశాయి.”

బిడ్డకి పుచ్చుందని లోలోపల సంబరపడిన తండ్రిని బహుశా నేనొక్కణ్ణే అయి ఉంటాను. చెంప మొద్దుబారేలా చిగురుకి సూదిమందు ఇచ్చి, తొలిచి, పూడ్చేసరికి ముప్పావుగంట పట్టింది.

“మరి ఆ వంకర పన్నండీ?” అన్నాను.

“అదా? గోడకి చేరబడ్డ పెద్దమనిషిలా లేదూ? ఉండనివ్వండి. దవడ ఎదిగితే అదే లేచి నిలబడుతుంది.”

ఆ మాటకి మా అమ్మాయికి నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. డాక్టరమ్మ అద్దం పక్కన పెట్టి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

“ఏమ్మా, ఏ చేత్తో రాస్తావు?”

“కుడిచేత్తో.”

“మరి నోటికి ఎడమచెయ్యి పెట్టావేం?”

“నవ్వొస్తే ఎడమచెయ్యే పెట్టాలి,” అంది మా అమ్మాయి, అంత చిన్న సంగతి కూడా తెలియదా అన్నట్టు. “నాన్న అలాగే నవ్వుతాడు.”

నా నాలుగు వేళ్ళు ఇంకా నా పెదాల మీదే ఉన్నాయి.

అరిగిన తాళంచెవి తెచ్చి నకలు తీయమంటారు జనం. అరుగుదల కూడా నకల్లోకి దిగుతుందండీ, ఇంట్లో సరైనదేమైనా ఉంటే తెండి అని రోజూ ఎవరో ఒకరికి చెబుతూనే ఉంటాను. ఎనిమిదేళ్ళుగా మా ఇంట్లో నకలు తయారవుతుంటే నాకు కనపడలేదు. అమ్మాయికి తన పన్ను గురించి సిగ్గేమీ లేదు. అది నా సిగ్గును ఒక మర్యాద అనుకుని నేర్చుకుంది. దారి పొడుగునా అదే ఆలోచన. దానికి ఏమని చెప్పాలి? మూసుకోవద్దని చెప్పాలంటే నేను ఎందుకు మూసుకుంటున్నానో చెప్పాలి.

గుమస్తా డాక్టరమ్మ సంతకం చూసి, దాని పక్కన నన్ను చెయ్యమన్నాడు. పైన పంకా జోరుగా తిరుగుతోంది. కాగితం ఎగరకుండా ఎడమచేత్తో అదిమి, కుడిచేత్తో కలం పట్టుకున్నాను.

“పుచ్చులు పూడ్చారు, బాగుంది. నాలుగో గడి సంగతేంటి మరి? నవ్విందా?”

“నవ్వడం కుదరదు అంకుల్,” అంది అమ్మాయి మొద్దుబారిన పెదవితో. “నా చెంప డాక్టరమ్మ దగ్గరే ఉండిపోయింది. సాయంత్రానికి పంపిస్తుందట.”

గుమస్తా బల్ల మీదికి వంగిపోయి నవ్వాడు. నాకూ లోపలి నుంచి తన్నుకొచ్చింది. ఎడమచెయ్యి లేవబోయి ఆగింది. కాగితం ఎగిరిపోతుందని ఆపానో, ఇంకెందుకో, నాకిప్పటికీ తెలియదు. నోరంతా తెరిచి నవ్వాను. పంకా గాలి చిగురుకి చల్లగా తగిలింది.

అమ్మాయి తలెత్తి నా నోటికేసే చూస్తోంది. ఎప్పుడూ చూడని గది తలుపు తీసి ఉన్నప్పుడు చూస్తారే, అలా.

“నాన్నా, నీకు అక్కడ పన్ను లేదా?”

“లేదమ్మా.”

తన ఒరిగిన పన్నును నాలుకతో తడుముకుంది. తరువాత నా మోచేతి మీద రెండు చేతులూ వేసి, గొంతు తగ్గించి, పెద్దదానిలా ఓదార్చింది.

“ఇంకా రాలేదన్నమాట. కంగారుపడకు. నాక్కూడా లేటుగానే వచ్చింది.”

“ఈయన పథకం కిందికి రాడమ్మా,” అన్నాడు గుమస్తా కళ్ళు తుడుచుకుంటూ. “పిల్లలకే.”

అమ్మాయి నవ్వింది. మొద్దుబారని సగం మొహంతో, వంకరగా, పూడ్చిన పుచ్చులు కనపడేంతగా. దాని చేతులు రెండూ నా మోచేతి మీదే ఉన్నాయి.

నేను నాలుగో గడిలో రాసినదాన్ని కొట్టేసి, సంతకం పెట్టాను.